గ్రానైటా, ఇసుకరాయా: రాయిని చేత్తో పరీక్షించి, పనికి తగ్గదాన్ని ఎంచుకోవడం ఎలా

వరంగల్ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఫోను జేబులో పెట్టి బయటికి చూడండి. హన్మకొండ చుట్టుపక్కల గుట్టలన్నీ గుండ్లు పేర్చినట్టు ఉంటాయి. ఏనుగులు పడుకున్నట్టు నున్నటి వీపులు, వాటి మీద ఎవరో ఎత్తి నిలబెట్టినట్టు గుండ్రాళ్ళు. అదే రేగొండ మండలంలో పాండవుల గుట్టల దగ్గరికి పోతే రాయి రూపమే మారిపోతుంది. అడ్డంగా గీతలు గీసినట్టు పొరలు, నిట్టనిలువుగా లేచిన గోడలు, వాటి కింద మనిషి తలదాచుకునేంత గూళ్ళు. ఆ గూళ్ళలో పాతకాలపు మనుషులు వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. మొదటిది గ్రానైట్ నేల, రెండోది ఇసుకరాయి నేల.

నేను పుట్టింది హన్మకొండ గుండ్ల మధ్య. ఉద్యోగం చేసింది భూపాలపల్లి వైపు బొగ్గు బాయిలో, ఇసుకరాయి కప్పు కింద. రెండు రాళ్ళతోనూ బతికినవాణ్ణి అయ్యుండి కూడా మా అమ్మ ఉన్న ఇంటికి మెట్లు వేయించేటప్పుడు పరీక్ష చేయకుండా రాయి కొన్నాను. రాళ్ళు అమ్మే ఆయన, "గ్రానైట్ లెక్కనే గట్టిగుంటది అన్నా, రంగు జూడు ఎంత ముద్దుగున్నదో" అన్నాడు. రంగు నిజంగానే ముద్దుగా ఉంది, లేత గులాబీ. మూడో వానాకాలానికి మెట్ల ముఖం ఉల్లిపొరలా లేచింది. పొద్దున వాకిలి ఊడిస్తే చీపురు కింద ఎర్రటి ఇసుక కుప్ప పడేది. ఒక రోజు అమ్మ కాలు అక్కడే జారింది. దెబ్బ పెద్దది కాలేదు కానీ, ఆ తర్వాత నేను కొన్న ప్రతి రాయినీ ఇక్కడ రాసిన వరుసలోనే పరీక్షించాను. ఇందులో ఏదీ ల్యాబుకు పోయి చేసేది కాదు. ఒక రోజు ఎండబెట్టడం, ఒక రాత్రి నానబెట్టడం, ఒక ఆదివారం సగం పూట పని, అంతే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

పెద్ద ఇనుప మేకు ఒకటి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, రెండు నిమ్మకాయలు, చిన్న సుత్తె, వంటింట్లో వాడే డిజిటల్ తూకం, నీళ్ళు పట్టే గిన్నె, బలమైన దారం, పాత గుడ్డ. రాయి పగలగొట్టేటప్పుడు కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. గ్రానైట్ పెచ్చు గాజు ముక్కంత పదునుగా ఎగురుతుంది.

ముక్కలు ఎక్కడ దొరుకుతాయంటే, రాళ్ళు కోసే మిల్లు పక్కన వృథా కుప్ప ఉంటుంది, అడిగితే ఇస్తారు. పిడికిలంత ముక్కలు చాలు. కోటలో, గుడిలో, పాండవుల గుట్టల్లో మాత్రం గోరుతో కూడా గీకొద్దు. అక్కడ కళ్ళతో చూడటం వరకే.

మొదటి మెట్టు: ఆ రాయి ఎట్లా పుట్టిందో తెలుసుకోవడం

రాయి గుణమంతా దాని పుట్టుకలోనే ఉంది కాబట్టి దీన్ని దాటిపోకండి.

గ్రానైట్ అగ్నిశిల. భూమి లోపల చాలా లోతున కరిగిన శిలాద్రవం పైకి రాకుండా అక్కడే, లక్షల ఏళ్ళు పట్టి మెల్లగా చల్లారింది. మెల్లగా చల్లారింది కాబట్టి స్ఫటికాలు పెద్దగా పెరిగాయి, ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ పెరిగాయి. మన వరంగల్, కరీంనగర్ గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. పైనున్న నేలంతా కొట్టుకుపోయాక ఇప్పుడు మన కళ్ళ ముందు గుట్టలై నిలిచాయి. ఓరుగల్లు అనే పేరుకే ఒంటి రాయి అని అర్థం, ఏకశిలానగరం అన్నదీ అందుకే. కోట లోపలి ఆ గుట్టా, హన్మకొండ పద్మాక్షి గుట్టా ఇదే కుటుంబం.

ఇసుకరాయి అవక్షేప శిల. మా బాయిలో పాతవాళ్ళు దీన్ని "మేట రాయి" అనేవాళ్ళు, నాకు ఆ మాటే ఇష్టం. వాగు పొంగి తగ్గాక పొలంలో ఇసుక మేట వేస్తుంది చూడండి, అట్లాంటి మేటల మీద మేటలు పడి, బరువుకు నొక్కుకుపోయి, సందుల్లో ఏదో ఒక ఖనిజం చేరి గింజలను అతికించింది. గోదావరి లోయలో బొగ్గుతో కలిసి ఉండే ఇసుకరాళ్ళు సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట మొదలై మేట వేసినవి. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించింది ఈ మేటల వరుసలోనే. ఆ వరుసలో ఇంకా పైన, అంటే తర్వాతి కాలం పొరల్లో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. యామన్‌పల్లి ఊరి పేరు మీదనే దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో దాని అస్థిపంజరం నిలబెట్టి ఉంది, పిల్లలను తీసుకుపోయి చూపించండి. గ్రానైట్లో అట్లాంటి ఎముక ఎన్నటికీ దొరకదు. కరిగిన రాయిలో జీవం ఎట్లా మిగులుతుంది?

రెండో మెట్టు: కడిగి, ఎండలో పట్టుకుని చూడటం

కొత్తగా పగిలిన ముఖం కావాలి. పాత ముఖం మీద దుమ్మూ నాచూ ఉండి మోసం చేస్తుంది. కడిగి, సూర్యుడికి ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి.

గ్రానైట్ అయితే తిప్పుతుంటే అక్కడొకటి, ఇక్కడొకటి చదునైన ముఖాలు అద్దం ముక్కల్లా తళుక్కుమంటాయి. అవి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు, మన దగ్గర ఎక్కువగా గులాబీ రంగువో తెల్లవో. వాటి మధ్య బూడిద రంగులో, గాజు విరిగినట్టు మెరిసేది పలుగురాయి. నల్లటి రేకులు కనిపిస్తే అభ్రకం, నల్లటి పొట్టి పుల్లల్లా ఉంటే హార్న్‌బ్లెండ్. భూతద్దంలో చూస్తే గింజకూ గింజకూ మధ్య ఖాళీ ఉండదు. మొక్కజొన్న కంకి మీద గింజలు ఎట్లా ఒకదాన్నొకటి నొక్కుకుని, పక్కదాని ఒత్తిడికి మూలలు తేలి ఉంటాయో అట్లా.

ఇసుకరాయి అయితే నువ్వుల ముద్ద గుర్తు చేసుకోండి. గింజ దేనికదే గుండ్రంగా విడిగా కనిపిస్తుంది, మధ్యలో పాకం పట్టి ఉంటుంది. గింజలు దాదాపు అన్నీ ఒకే కొలతలో, చాలావరకు పలుగురాయివే. ముక్క పక్కకు తిప్పితే పొరల గీతలు కనిపించవచ్చు, ఒక్కోసారి ఆ గీతలు ఏటవాలుగా కూడా ఉంటాయి. ఆనాటి వాగు ఎటు పారిందో చెప్పే గీతలవి.

ఈ నువ్వుల ముద్ద పోలికను చివరిదాకా పట్టుకోండి. నువ్వులు అవే అయినా పాకం ముదిరితే పంటికి గట్టి, లేతదైతే చేతిలోనే రాలుతుంది. ఇసుకరాయి కథంతా అదే. గింజ ఎట్లాగూ గట్టిదే, ఇనుము కంటే గట్టిది. గింజలను పట్టుకున్న పాకం ఏదన్నదే అడగాల్సిన ప్రశ్న. నేను మెట్ల రాయి కొన్న రోజున అడగనిది సరిగ్గా ఆ ప్రశ్నే.

మూడో మెట్టు: మేకుతో గీకడం, నిమ్మరసం పిండటం

మేకుతో గట్టిగా ఒక గీత గీయండి. గ్రానైట్ మీద ఫెల్డ్‌స్పార్, పలుగురాయి రెండూ మేకు కంటే గట్టివి కాబట్టి రాయి అరగదు, మేకే అరిగి వెండి రంగు చార వదులుతుంది. ఇసుకరాయి మీద గీస్తే గింజలు ఊడి చేతిలోకి ఇసుక రాలవచ్చు. రాలినదాన్ని వేళ్ళ మధ్య నలపండి. గరగరమంటూ శుభ్రమైన ఇసుక తగిలితే ఒక రకం, వేలికి జిగటగా మట్టి అంటితే ఇంకో రకం. అసలు ఏమీ రాలకుండా గ్రానైట్ లాగే మేకు చార పడితే మీ చేతిలో ఉన్నది చాలా గట్టి ఇసుకరాయి.

ఆ గీత మీద, రాలిన పొడి మీద నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి భూతద్దంలో చూడండి. పాకాలు నాలుగు రకాలు:

సిలికా పాకం, అంటే పలుగురాయి పదార్థమే సందుల్లో చేరింది. నిమ్మరసానికి ఏమీ కాదు, మేకుకు లొంగదు. ఇది దొరికితే మారుమాట లేకుండా కొనవచ్చు.

ఇనుము పాకం. ఎరుపు, ముదురు గోధుమ రంగు. నిమ్మరసానికి నురగ రాదు. చాలావరకు మంచిదే, పట్టు ఎంతుందో మేకుతో తేలుతుంది.

సున్నం పాకం. చిన్న బుడగలు లేస్తాయి. నిమ్మరసం బలం తక్కువ కాబట్టి పొడి మీదే వేయాలి, కాస్త ఓపిక పట్టాలి. ఇంట్లో గోడలకు పర్వాలేదు కానీ చింతపండు, నిమ్మకాయ, బాత్రూం కడిగే యాసిడ్ తగిలే చోట వద్దు.

బంకమట్టి పాకం. నిమ్మరసానికి ఏమీ కాదు, అందుకే ఇది పరీక్షలో పాసైనట్టు కనిపిస్తుంది. మా మెట్ల రాయి ఇదే. దీన్ని పట్టుకునేది ఐదో మెట్టు.

ఒక జాగ్రత్త. మన ఇళ్ళలో నేలకు వేసే షాబాద్, తాండూరు బండలు ఈ రెంటిలో ఏవీ కావు, అవి సున్నపురాయి. నిమ్మరసం వేస్తే గింజల మధ్యే కాదు, రాయంతా బుడగలు తేలుతుంది. మేకుతో సులువుగా గీత పడుతుంది.

నాలుగో మెట్టు: కొట్టి వినడం

ముక్కను వేళ్ళ చివర పట్టుకుని, లేదా దారానికి వేలాడదీసి సుత్తెతో తేలిగ్గా తట్టండి. బీట లేని గ్రానైట్ ఖంగుమంటుంది. ఇసుకరాయి శబ్దం కొంచెం మొద్దుగా ఉంటుంది, అది దాని సహజ స్వరం, తప్పుపట్టొద్దు. కానీ రెంటిలో ఏదైనా పగిలిన కుండను తట్టినట్టు బొదబొదమంటే లోపల బీట ఉన్నట్టే.

బాయిలో మా ప్రాణాలు ఈ శబ్దం మీదే ఆధారపడి ఉండేవి. షిఫ్టు మొదలుకాగానే కప్పును రాడ్‌తో తట్టుకుంటూ పోవాలి. గట్టిగా మోగితే పొర పైపొరను పట్టుకుని ఉంది, బోలుగా వినిపిస్తే విడిపోయింది, దాని కింద నిలబడకూడదు. ఆ చెవి ఒకసారి వస్తే ఇక పోదు. ఇప్పటికీ ఎవరింటికి పోయినా గచ్చు మీద కాలి మడమతో తట్టి చూస్తాను. పెద్ద పలక కొనేటప్పుడు ఒకేచోట కాకుండా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోండి. శబ్దం మారిన చోట సుద్దతో గీత పెట్టి, ఆ గీత మీదుగా కోయించకుండా చూసుకోండి.

ఐదో మెట్టు: నీళ్ళతో తూచడం

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఇది, కాబట్టి తొందరపడకుండా చేయండి.

ముక్కను రోజంతా ఎండలో ఆరబెట్టి తూచండి. అది మొదటి బరువు. తర్వాత రాత్రంతా, వీలైతే 24 గంటలు నీళ్ళలో నానబెట్టండి. తీసి, తడి గుడ్డతో పైపైన తుడిచి వెంటనే తూచండి, అది రెండో బరువు. ఇప్పుడు తూకం మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. నానిన ముక్కను దారానికి కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా చేత్తో వేలాడదీయండి. తూకం మీద కనిపించే గ్రాముల అంకె ముక్క ఎన్ని ఘన సెంటీమీటర్లు ఉందో చెబుతుంది. మొదటి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత. రెండో బరువులోంచి మొదటి బరువు తీసేసి, మిగిలినదాన్ని మొదటి బరువుతో భాగించి 100తో గుణిస్తే రాయి నూటికి ఎంత నీరు తాగిందో తెలుస్తుంది.

లెక్క ఇట్లా ఉంటుంది. పొడిగా 530 గ్రాములున్న గ్రానైట్ ముక్క నానాక 531 గ్రాములై, నీళ్ళలో 200 చూపిస్తే సాంద్రత 2.65, తాగిన నీరు నూటికి 0.2 కూడా లేదు. అదే 200 చూపించే ఇసుకరాయి ముక్క పొడిగా 460 గ్రాములు, నానాక 483 అనుకోండి. సాంద్రత 2.3, తాగిన నీరు నూటికి 5. రెండు ముక్కలూ చూపుకు ఒకే పరిమాణం, కానీ రెండో దాని లోపల కంటికి కనబడని ఖాళీలు పదో వంతుకు పైగా ఉన్నట్టు.

మామూలుగా గ్రానైట్ సాంద్రత 2.6 నుంచి 2.75 మధ్య, తాగే నీరు నూటికి అర కంటే తక్కువ. ఇసుకరాయిది 2.0 నుంచి 2.6 దాకా, తాగే నీరు నూటికి 1 నుంచి 8 దాకా ఎటైనా ఉండవచ్చు. బరువు మోసే శక్తిలోనూ అదే తేడా. గ్రానైట్ సాధారణంగా 100 నుంచి 250 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తట్టుకుంటుంది. ఇసుకరాయి 20 నుంచి 170 దాకా. ఈ రెండో వరుసలో ఆ వెడల్పు గమనించండి. గ్రానైట్ అని తెలిస్తే సగం తెలిసినట్టే. ఇసుకరాయి అని తెలిస్తే ఇంకా ఏమీ తెలియనట్టే, ఆ ముక్కనే పరీక్షించాలి.

రాత్రి నానబెట్టిన గిన్నెలో నీళ్ళను పొద్దున పారబోయకుండా చూడండి. మట్టి రంగు తిరిగితే, ముక్క మూలలు వేలితో నొక్కితే రాలితే, అదే బంకమట్టి పాకం. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకుని పట్టు వదిలేస్తుంది. అసలు ఏ ఇసుకరాయైనా పొడిగా ఉన్నంత బలం తడిలో చూపదు. బాయిలో నీళ్ళు కారే చోట కప్పుకు ఆనుడు ఎక్కువ ఇచ్చేది అందుకే.

ఇంకో పరీక్ష కూడా చేయగలిగితే మంచిది. గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల ఉప్పు కలిపి, ముక్కను రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టండి, వారం రోజులు ఇదే పని. గింజల సందుల్లో ఉప్పు గడ్డకట్టి లోపలినుంచి నెడుతుంది. వారంలో ముఖం పొడిపొడిగా లేచిన రాయి, నేలలోంచి చెమ్మ ఎక్కే గోడ అడుగున ఎక్కువ కాలం నిలవదు.

ఆరో మెట్టు: పని చూసి రాయిని పెట్టడం

మెట్లు, గడప, వాకిలి. గ్రానైట్‌కే నా ఓటు, కానీ పాలిష్ చేయించొద్దు. వాన పడితే పాలిష్ గ్రానైట్ మీద ముసలివాళ్ళు నడవలేరు. మిల్లులో ఫ్లేమింగ్ అని ఒక పని చేస్తారు, రాయి ముఖం మీద మంట పట్టిస్తే పైనున్న స్ఫటికాలు చిటపటా ఎగిరిపోయి గరుకు ముఖం వస్తుంది. పలుగురాయి 573 డిగ్రీల దగ్గర అమరిక మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది, ఆ పని జరిగేది దానివల్లే. గుట్టల మీద మంట పెట్టి పలకలు లేపే పాత పద్ధతిలో ఉన్నదీ ఇదే గుణం. సిలికా పాకం ఇసుకరాయి దొరికితే మెట్లకు అదీ బాగుంటుంది, కాలికి పట్టు సహజంగానే ఉంటుంది.

వంటింటి గట్టు. గ్రానైట్, రెండో ఆలోచన వద్దు. పసుపు, నూనె, చింతపండు పులుసు పడని రోజు ఉండదు కదా. లేత రంగు గ్రానైట్ అయితే నూనె మరక నిలవకుండా సీలర్ పూయించండి. కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి ముదురు రంగుకు ఆ బాధ తక్కువ. మోయడానికి మనుషులను పిలిచేముందు బరువు లెక్కేసుకోండి. 20 మిల్లీమీటర్ల మందంలో ఒక చదరపు అడుగు దాదాపు 5 కిలోలు. ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గట్టు 80 కిలోలు. ఇద్దరు మనుషులు మొదటి అంతస్తుకు మోసే బరువు కాదు.

పునాది, కాంక్రీటు కంకర, చేను చుట్టూ పాతే రాతి కడీలు. గ్రానైట్, లేదా నల్లరాయి. కడీ సగం మట్టిలో, సగం ఎండలో ఉంటుంది, నీరు తాగే రాయి ఆ పనికి తట్టుకోదు. వడ్డెర పనివాళ్ళు వరుసగా గుంటలు తొలిచి, చీలలు దిగగొట్టి, సమ్మెటతో ఒక్కొక్కటి చొప్పున కొట్టుకుంటూ పోతే గ్రానైట్ గీత గీసినట్టు చీలుతుంది. పొరలు లేని రాయి అట్లా నిటారుగా చీలడం నేను చిన్నప్పుడు గంటల తరబడి చూసేవాణ్ణి. చీలే ముందు సన్నటి టిక్ మనే చప్పుడొస్తుంది, అది వినగానే అందరూ కాళ్ళు వెనక్కి తీసుకునేవాళ్ళు.

ఇంటి బయటి గోడలకు అతికించే పలకలు. ఇక్కడ ఇసుకరాయి అందం గ్రానైట్‌కు రాదు. సాయంత్రం ఎండలో ఆ ఎరుపు, ఆ గోధుమ రంగు మెత్తగా వెలుగుతాయి. రెండు షరతులు పెట్టుకోండి. నేల నుంచి రెండడుగుల దాకా దాన్ని వాడొద్దు, ఆ అడుగు భాగం గ్రానైట్‌తో కట్టి దాని మీద ఇసుకరాయి మొదలుపెట్టండి. చెమ్మ, ఉప్పు అక్కడే ఆగిపోతాయి. రెండోది, మందమైన రాళ్ళతో గోడ కడుతుంటే పొరలు నేలకు సమాంతరంగా పడుకుని ఉండేలా పెట్టించండి, వాగులో మేట వేసినప్పుడు ఉన్నట్టే. పొరలు నిలువుగా గోడ ముఖం వైపు తిరిగితే పుస్తకాన్ని నిలబెట్టినట్టే, ఒక్కో పేజీ ఊడి వస్తుంది. మా మెట్ల ముందుపలకలు అట్లానే నిలువుగా పెట్టారు. రాయీ తప్పే, పెట్టిన తీరూ తప్పే. మేస్త్రికి పొరల గీత చూపించి, ఏది పైకి రావాలో ప్రతి రాయి మీదా సుద్దతో బాణం గుర్తు వేయండి.

కత్తులు, కొడవళ్ళు నూరే సాన. ఇది ఇసుకరాయి పనే. గింజ అరిగేకొద్దీ ఊడిపోయి కొత్త పదునైన గింజ పైకొస్తుంది. గ్రానైట్ మీద నూరితే కొన్నాళ్ళకు నునుపెక్కి పనికిరాకుండా పోతుంది. రోలుకూ ఇసుర్రాయికీ తిరగేసి చెప్పాలి, గింజ ఊడే రాయితో విసిరితే పిండిలో ఇసుక పంటికి తగులుతుంది. మన ఇళ్ళలో అవి గ్రానైట్‌వే ఎందుకయ్యాయో చెప్పక్కర్లేదు.

బోరు వేయాలనుకునే రైతుకు

ఇది ఇంటి పని కాదు గానీ, రాళ్ళ తేడా ఎక్కువగా నష్టపరిచేది ఇక్కడే. గ్రానైట్ గింజల మధ్య నీరు నిలవదని ఐదో మెట్టులో తూచి చూశారు కదా. గ్రానైట్ నేలలో నీరు ఉండేది రెండే చోట్ల. పైన పిగిలిపోయిన మొరం పొరలో, కింద బీటల్లో. ఫెల్డ్‌స్పార్ వేల ఏళ్ళ వానకు మట్టిగా మారి గింజలు విడిపోతేనే మొరం. మన చల్క నేలలు దాన్నుంచి వచ్చినవే. గుండ్రాళ్ళు గుండ్రంగా ఉండటానికీ అదే కారణం. మూలను మూడు వైపుల నుంచి, అంచును రెండు వైపుల నుంచి, ముఖాన్ని ఒక్క వైపు నుంచి నీరు తింటుంది, అందుకని మూలలే ముందు పోతాయి.

కాబట్టి హన్మకొండ, జనగామ వైపు ఒకే చేనులో పది గజాల దూరంలో ఒక బోరు పోస్తుంది, ఒకటి దుమ్ము లేపుతుంది. బీట తగిలితే నీరు, తగలకపోతే ఎంత లోతు పోయినా రాయే. కొంత లోతు దాటాక బరువుకు బీటలు మూసుకుపోతాయి కనుక, అప్పు చేసి ఇంకా ఇంకా లోతుకు పోవడం దండగ. గోదావరి వైపు, మంథని, భూపాలపల్లి ఇసుకరాయి నేలల్లో గింజల మధ్య ఖాళీల్లోనే నీరు నిండి ఉంటుంది కాబట్టి బోరు నికరంగా పోసే అవకాశం ఎక్కువ. బంకమట్టి పాకం పొరలు, బొగ్గు తవ్వకాలకు నీరు దిగిపోయిన చోట్లు దీనికి మినహాయింపు. గ్రానైట్ నేల మీద కాకతీయులు ఊరూరా చెరువు తవ్వించారంటే, నీటిని రాయి దాచుకోదు కనుక నేల మీదే నిలపాలని వాళ్ళకు బాగా తెలుసు.

ఏడో మెట్టు: కోట, గుడి తిరిగి కన్ను సరిచేసుకోవడం

ముక్కల మీద నేర్చింది పెద్ద కట్టడం మీద చూస్తేనే స్థిరపడుతుంది. ముందు వరంగల్ కోట రాతిగోడకు పోండి. గ్రానైట్ దిమ్మలను సున్నం లేకుండా, బరువు మీద బరువు ఆనించి కట్టిన గోడ. దిమ్మల అంచుల్లో చీలలు దిగగొట్టిన గుంటల వరుస చాలాచోట్ల కనిపిస్తుంది. వడ్డెరల పని గురించి పైన చెప్పింది అక్కడ గుర్తుకొస్తుంది.

అక్కడినుంచి 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికి రండి. స్తంభాల నునుపు చూడండి. అద్దంలా మెరిసే ఆ నల్లరాయి గ్రానైటూ కాదు, ఇసుకరాయీ కాదు. అది డోలరైట్, గ్రానైట్ బీటల్లోకి కరిగిన రాయి ఎక్కి త్వరగా చల్లారినది. త్వరగా చల్లారింది కాబట్టి గింజ కంటికి ఆనదు. శిల్పికి గింజ కొలతే గీత కొలత. గింజ ఎంత సన్నమైతే ఉలి అంత సన్నని గీత నిలుపుతుంది.

ఇక పాలంపేట. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో మూడు రాళ్ళూ ఒకేచోట, దేని పనిలో అది కనిపిస్తాయి. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అందరూ నీటిలో తేలే ఇటుకల గురించే మాట్లాడారు. అవి గొప్పవే, శిఖరం బరువు తగ్గించినవి అవే. కానీ మీరు వెళ్ళినప్పుడు శిఖరం నుంచి చూపు కిందికి దించండి. గుడి దేహం ఇసుకరాయి. లేత ఎరుపు, కోయడానికి వీలైన మెత్తదనం. లోపల స్తంభాలు, దూలాలు గ్రానైట్, డోలరైట్. వాటికి వంగి విరగకుండా బరువు మోసే బలం కావాలి. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, నల్లటి డోలరైట్. ఒక మదనిక దగ్గర నిలబడి, మెడలోని హారం పూసల మధ్య సందులు చూడండి, పూస వేరు, నీడ వేరు. తర్వాత రెండడుగులు పక్కకు జరిగి ఇసుకరాయి గోడ మీది ఏనుగుల వరుస చూడండి. అక్కడ గీతల అంచులు వానకు కొంచెం గుండ్రమయ్యాయి, ముఖం మీద గింజ కనిపిస్తుంది. ఒకే శిల్పుల చేయి, ఒకే ఎనిమిది వందల ఏళ్ళ వాన, రెండు రాళ్ళు. నేను ఎన్నిసార్లు పోయినా ఆ రెండడుగుల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

ఎనిమిదో మెట్టు: కొనే రోజు

పరీక్ష చేసిన ముక్కలో సగం మీ దగ్గర ఉంచుకుని, మిగతా సగాన్ని పెయింటుతో అంకె వేసి అమ్మేవాళ్ళకు ఇవ్వండి. సరుకు దీనికి సరిపోవాలని బిల్లు మీద రాయించండి. లారీ వచ్చాక దింపే ముందే పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి పలకలు తీయించి, బకెట్ నీళ్ళు పోసి, తడి మీద మీ ముక్క పక్కన పెట్టి చూడండి. పొడి రాళ్ళన్నీ ఒకేలా కనిపిస్తాయి, తడిస్తేనే అసలు రంగు బయటపడుతుంది. ఇసుకరాయి అయితే ఆ తడి ఎంతసేపట్లో ఇంకిపోతుందో కూడా చూడండి. మీ ముక్క మీద అర నిమిషం నిలిచిన చుక్క, వచ్చిన పలక మీద రెండు క్షణాల్లో మాయమైతే అది వేరే పొరలోంచి తీసిన రాయి. అప్పుడు లారీని అట్లాగే వెనక్కి పంపండి, ఒక్క పలక కూడా దింపించుకోవద్దు.